బిగుసుకున్న వంజరం, ఆగిపోయిన సరుకు

బిట్రగుంటలో రైలు దిగి జువ్వలదిన్నె వెళ్ళిన రోజు పొద్దున, ఒడ్డున చేపలమ్మే అవ్వ ఒక వంజరాన్ని తలకాయ దగ్గర పట్టుకొని అడ్డంగా చూపించింది. తోక కిందికి వాలలేదు. “కట్టె మాదిరి ఉండాది జూడు నాయనా. మెత్తబడిందంటే కొనబాక.” కొన్నాను.

అవ్వ చూపించింది నిజానికి ఇంధనం అయిపోయిన కండరాన్ని. చేప చచ్చాక కండరంలో ముందు ఫాస్ఫోక్రియాటిన్ ఖర్చయిపోతుంది, దాని వెనకే ఏటీపీ. కండరపు పోగులు ఒకదాన్నొకటి పట్టుకున్నాక, ఆ పట్టు వదలాలన్నా ఏటీపీ కావాలి. అది లేకపోతే పట్టు అలాగే ఉండిపోతుంది, చేప కట్టె అవుతుంది. ఈ రెండు పదార్థాలనూ కండరంలో కనిపెట్టినవాళ్ళలో 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు.

సుబ్బారావు గారి గురించి తెలుగులో ఏది చదివినా దాదాపు ఒకే పాట. ఫోలిక్ యాసిడ్, హెట్రజాన్, ఆరియోమైసిన్, చివర్లో నోబెల్ రాలేదన్న బాధ. బాధ అబద్ధం కాదు గానీ, ఆయన చేసిన పనిని కాస్త ఆగి చూడకుండా చేస్తుంది. నాకు ఆ జాబితాకన్నా 1920లలో హార్వర్డ్‌లో ఫాస్ఫరస్ కొలుస్తూ గడిపిన రోజులే ఆసక్తిగా అనిపిస్తాయి. 1925లో సైరస్ ఫిస్క్‌తో కలిసి ఒక పద్ధతి ప్రకటించారు. ద్రావణానికి వచ్చే నీలిరంగు చిక్కదనాన్ని బట్టి అందులో ఫాస్ఫరస్ ఎంతుందో చెప్పొచ్చు. కండరం రసంతో చేస్తే మాత్రం రంగు ఉండాల్సినంత త్వరగా రాలేదు, మెల్లగా ముదిరింది. నాలాంటివాడైతే రీఏజెంటు పాడైందనుకొని టికెట్ క్లోజ్ చేసేవాడు. వాళ్ళు ఆ ఆలస్యం వెంటే పోయారు. ఏదో పెళుసైన పదార్థం ఆమ్లంలో కొంచెం కొంచెంగా విరుగుతూ ఫాస్ఫేటును వదులుతోంది. అదే ఫాస్ఫోక్రియాటిన్ (1927). రెండేళ్ళకి ఏటీపీ. అదే 1929లో జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా దాన్ని కనిపెట్టి, కొంచెం ముందే అచ్చేశాడు. కాబట్టి ‘మనవాడే కనిపెట్టాడు’ అనే మాటలో సగమే నిజం.

అప్పటికి ఏటీపీ అంటే కండరం కథే. కణం లోపల సరుకు రవాణాకి కూడా అదే కావాలని తేలడానికి ఇంకో నలభై ఏళ్ళు పట్టింది. ఆ పని రుమేనియాలో పుట్టి, 1946లో న్యూయార్క్ చేరిన జార్జ్ పలాడేది, ఆయనతో పనిచేసిన జేమ్స్ జేమీసన్‌ది. వాళ్ళు గినీపిగ్ క్లోమాన్ని పల్చటి ముక్కలు కోసి, కాసేపు మాత్రం రేడియోధార్మిక అమైనో ఆమ్లం ఇచ్చి ఆపేశారు. మా భాషలో చెప్పాలంటే, ఆ కొన్ని నిమిషాల్లో వచ్చిన రిక్వెస్టులకే ట్యాగు వేసి, అవి ఏ సర్వర్ దాటి ఏ సర్వర్‌కి పోతున్నాయో చూడటం. ట్యాగు పడ్డ ప్రోటీన్లు మూడో నిమిషంలో గరుకు ఎండోప్లాస్మిక్ రెటిక్యులంలో ఉన్నాయి. తర్వాత గాల్జీ అంచున చిన్న తిత్తుల్లో, అక్కడినుంచి పెద్ద సంచుల్లో కనబడ్డాయి. రెండు గంటలయ్యేసరికి, జీర్ణరసాలు మోసే గుళికల్లోకి చేరి బయటపడటానికి సిద్ధంగా ఉన్నాయి.

1968లో వచ్చిన రెండు పేపర్లు నాకు మరీ ఇష్టం. మొదటిదాంట్లో, కొత్త ప్రోటీన్ల తయారీని మందుతో ఆపేశారు. అయినా పాత సరుకు కదులుతూనే ఉంది. అంటే వెనకనుంచి కొత్త సరుకు నెట్టడం వల్ల ముందుది కదలట్లేదన్నమాట. రెండోదాంట్లో ప్రాణవాయువు తీసేసి నైట్రోజన్ పెట్టారు, ఏటీపీ తయారీని చెడగొట్టే విషాలిచ్చారు. సరుకు రెటిక్యులం గడప దగ్గరే ఆగిపోయింది. గాల్జీకి పోయే తలుపుకి తాళం ఉంది, దాని తాళంచెవి ఏటీపీ.

తలుపు లోపలి యంత్రంలో ఒక ముక్క 1988లో జేమ్స్ రోత్‌మన్ ల్యాబులో దొరికింది. ఎన్‌ఎస్‌ఎఫ్ అనే ప్రోటీన్, తిత్తులు పొరలతో కలవడానికి కావాల్సింది. దాన్ని శుద్ధి చేస్తుంటే మాటిమాటికీ చచ్చిపోయేది. గొట్టంలో ఏటీపీ వేస్తే నిలబడింది. అది ఏటీపీని విరిచి పనిచేసే ప్రోటీనే మరి. పలాడేకి 1974లో, రోత్‌మన్‌కి 2013లో నోబెల్ వచ్చాయి. సుబ్బారావు 1948లోనే, 53 ఏళ్ళకి పోయారు. చివరి రెండేళ్ళూ ఆయనా పలాడే ఉన్నది ఒకే న్యూయార్క్ రాష్ట్రంలో. ఒకరు పెర్ల్ రివర్‌లో మందుల వేటలో, ఒకరు రాక్‌ఫెల్లర్‌లో కణాల్ని చిదిమి, ముక్కలు వేరు చేసే పనిలో.

ఐసు డబ్బాలో పెట్టి తెచ్చిన వంజరం మర్నాడు బెంగళూరులో విప్పితే తోక వంగింది. కంగారు పడ్డాను గానీ వాసన లేదు. ఏటీపీ విరుగుతూ పోతే మధ్యలో ఐనోసినేట్ అనే పదార్థం వస్తుంది, చేపకి రుచి చాలావరకు దానిదే. ఇంకా విరిగితే హైపోజాంథిన్, అది చేదు. ఈ విరుగుడు ఎంతదాకా వచ్చిందో కొలిచి చేప తాజాదనం చెప్పే లెక్కని 1959లో జపాన్ వాళ్ళు కట్టారు. నా వంజరం ఇంకా ఐనోసినేట్ దగ్గరే ఉన్నట్టుంది. పులుసు బాగా కుదిరింది.