పేరు రాయని చదివింపులు

నవంబరు ఆఖరు వారంలో నా ఫోన్‌లోకి ఒక పట్టిక వచ్చింది. మేం పద్నాలుగు మందిమి. లాక్‌డౌన్ రోజుల్లో పాత తెలుగు సినిమాల మీద కొట్లాడుకుంటూ ఆన్‌లైన్‌లో స్నేహితులమయినాం. ఇప్పటికీ సగం మంది మొహాలు నేరుగా చూసుకోలేదు. డిసెంబరు వస్తే మాత్రం ఎవరికేం కావాలో రాసుకుంటాం. ఒక యాప్ చీట్లు తీసి ఎవరు ఎవరికి పంపాలో చెవిలో చెప్పినట్టు చెబుతుంది. పది పౌండ్లు దాటకూడదు, పంపినవాళ్ళు పేరు రాయకూడదు.

ఈసారి కార్డిఫ్‌లో ఉండే ఒకాయన కిలో కొర్రలు అడిగినాడు. గ్లాస్గోలో నర్సుగా చేసే నంద్యాల అమ్మాయి వస్తువేమీ అడగలేదు. ఇరవై ఐదో తేదీ రాత్రి నాకు డ్యూటీ, మూడు గంటలప్పుడు ఎవరన్నా ఫోన్ చేసి తెలుగులో పది నిమిషాలు మాట్లాడితే చాలు అని రాసింది. పదకొండో వరుస దగ్గర ఆగిపోయినాను. లెస్టర్‌లో ఉండే ఒకామె, తెలుగు పాఠాలు చెప్పే మనిషి, ఇలా రాసింది: "కలమల్ల నుంచి ఒక రాయి ముక్క. చిన్నదైనా ఫర్వాలేదు."

ఆ చీటీ నాకే పడింది.

ఎందుకు అడిగిందో నాకు తెలుసు. కలమల్ల మా ఊరు. అక్కడి చెన్నకేశవస్వామి గుడి ఆవరణలో దొరికిన శాసనమే తెలుగులో ఇంతవరకూ దొరికిన వాటిలో పాతదని పుస్తకాలు చెబుతాయి. సుమారు 575 నాటిది, రేనాటి చోళుడు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడిది. ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ నేను దాన్ని పట్టించుకున్నది లేదు. మాకు కలమల్ల అంటే థర్మల్ స్టేషన్ గొట్టాలు, ఎర్రగుంట్ల రోడ్డు, నాప బండల ట్రాక్టర్లు. లండన్ వచ్చాక ఎవరన్నా మీదేవూరు అంటే చెప్పుకోవడానికి అది పనికొచ్చింది.

కానుకల సంగతికి వస్తాను. పన్నెండేళ్ళప్పుడు మా వీధిలో ఏ పెళ్ళయినా చదివింపుల పుస్తకం నా చేతికే ఇచ్చేవాళ్ళు, రాత గుండ్రంగా ఉంటుందని. పక్కన ఒక మామ మైకు పట్టుకుని అరుస్తాడు: ఫలానా ఊరు ఫలానా వారు నూట పదహార్లు, ఫలానా వారు స్టీలు బిందె. నేను రాస్తా. ఒకసారి ఎవరిదో పేరు తప్పిపోతే మా జేజి గట్టిగా తిట్టింది. "రాసుకో నాయనా, నువ్వు మరిచిపోతే ఊరు మరిచిపోదు" అంది. ఆ పుస్తకం తర్వాత పదేళ్ళు బీరువాలో ఉంటుంది. వాళ్ళింట్లో పెళ్ళి వచ్చినప్పుడు తీసి చూసి, దానికి తగ్గకుండా చదివిస్తారు. పండక్కి పక్కింటి నుంచి ఓళిగలు వచ్చిన గిన్నె కూడా ఖాళీగా తిరిగిపోదు, ఇంట్లో ఏమీ లేకపోతే చారెడు చక్కెరైనా పోసి పంపాల్సిందే.

ఆ చదువుతోనే నేను లండన్‌లో దిగినాను. మొదటి ఏడు ఆఫీసులో, పేరు చెప్పకుండా కానుకలిచ్చే సీక్రెట్ శాంటా అన్నారు, ఐదు పౌండ్లు అన్నారు. ఐదు పౌండ్లకు ఏం వస్తుంది, పరువు తక్కువ అనుకుని ప్రొద్దుటూరులో కొన్న వెండి కుంకుమ భరిణె చుట్టి పెట్టినాను. విప్పిన ఆమె మొహం ఎర్రబడింది. సంతోషం అనుకున్నాను. మధ్యాహ్నం మేనేజరు పక్కకు పిలిచి, మంచి ఉద్దేశమే గానీ ఆమెకు ఇబ్బందిగా ఉంది, తిరిగి ఇవ్వడానికి నువ్వెవరో కూడా ఆమెకు తెలియకూడదు కదా అన్నాడు. తిరిగి ఇవ్వకూడని కానుక అనేది ఒకటి ఉంటుందని అప్పుడే తెలిసింది. ఈ దేశం ఆ అలవాటు ఎప్పుడు నేర్చుకుందని ఆ కసితోనే చదవడం మొదలుపెట్టినాను.

చదివితే తేలిందేమిటంటే, వీళ్ళవీ ఒకప్పుడు చదివింపులే.

మొదటి ఎలిజబెత్ రాణి కాలంలో కొలువులో కానుకలు క్రిస్మస్‌కు కాదు, జనవరి ఒకటిన ఇచ్చేవాళ్ళు. ప్రతి ఏడూ పొడవాటి తోలు చుట్ట మీద లెక్క రాసేవాళ్ళు. హోదా ప్రకారం వరుస: ముందు పెద్ద ప్రభువులు, బిషప్పులు, ఆడవాళ్ళు, ఆఖరున కొలువు నౌకర్లు. ప్రభువు సంచిలో బంగారు నాణేలు పెట్టి ఇస్తాడు. మందులాయన అల్లం మురబ్బా తెస్తాడు. వంటశాలలో పైలు చేసేవాడు క్విన్స్ పండ్ల పై ఒకటి పట్టుకొస్తాడు. అన్నీ పేరు పేరునా ఎక్కుతాయి. చుట్ట రెండో వైపున రాణి ఎవరికి ఎంత బరువు వెండి గిన్నె తిరిగి ఇచ్చిందో ఔన్సుల్లో, అరలూ పావులూ సహా ఉంటుంది. ఆ చుట్ట మీద రాణి సంతకం కూడా పెట్టేది. 1581లో ఫిలిప్ సిడ్నీ అనే కవి ఆమెకు రత్నాలు పొదిగిన కొరడా ఇచ్చినాడు. ఆమె కోపం తీర్చడానికేనంటారు, అంటే కట్టుకు తలవంచానని చెప్పుకోవడం. మా మామ మైకులో అరిచినా ఇంత బాగా అరిచి ఉండడు.

ఆ తర్వాత వచ్చిన వాళ్ళు అసలు పండగే వద్దన్నారు. 1647 జూన్‌లో పార్లమెంటు క్రిస్మస్, ఈస్టర్ పండగలను రద్దు చేసింది. తప్పంతా క్రామ్‌వెల్ నెత్తిన రుద్దుతారు గానీ శాసనం చేసింది పార్లమెంటు, చేయించింది ప్యూరిటన్లు. బైబిల్లో లేని పండగ, తాగుడు పండగ అని వాళ్ళ వాదం. ఆ డిసెంబరులో క్యాంటర్‌బరీ మేయరు ఇరవై ఐదున అంగళ్ళు తెరవమంటే జనం తిరగబడి, తెరిచిన అంగళ్ళ మీద పడ్డారు. ప్లమ్ పుడ్డింగ్ అల్లర్లు అంటారు వాటిని. 1660లో రాజు తిరిగొచ్చాక పండగా తిరిగొచ్చింది. స్కాట్లాండ్‌లో మాత్రం ఆ చలి చాలాకాలం పోలేదు, అక్కడ క్రిస్మస్ సెలవు రోజయింది 1958లోనే. మన గ్లాస్గో నర్సమ్మతో పనిచేసే ముసలావిడ చిన్నప్పుడు వాళ్ళ నాయన డిసెంబరు ఇరవై ఐదున మామూలుగానే పనికి పోయేవాడట.

ఇక్కడే మా వైపు జమ్మలమడుగు సంగతి ఒకటి చెప్పాలి. నేను పుట్టింది క్యాంప్‌బెల్ ఆసుపత్రిలో. దాన్ని పెట్టింది లండన్ మిషనరీ సొసైటీ. 1795లో పుట్టిన సంస్థ, 1822కు కడప చేరింది. దాన్ని నడిపిన వాళ్ళు ఎక్కువగా కాంగ్రిగేషనల్ శాఖ వాళ్ళు, ఆ శాఖ వేళ్ళు ప్యూరిటన్లలో ఉన్నాయి. తాతలు లండన్‌లో క్రిస్మస్‌ను రద్దు చేస్తే మనవలు జమ్మలమడుగులో నక్షత్రం కట్టించారన్న మాట. చిన్నప్పుడు అక్కడి స్నేహితుడింటి నుంచి మా ఇంటికి కేకు, కజ్జికాయలు వచ్చేవి. సంక్రాంతికి మా గిన్నె వాళ్ళింటికి పోయేది.

అదే కాలంలో దొరల బంగళాల ముందు ఇంకో రకం కానుక నడిచింది. డాలీ అనేవాళ్ళు. క్రిస్మస్‌కు, కొత్త సంవత్సరానికి పళ్ళెంలో పండ్లు, పూలు, మిఠాయిలు పెట్టుకుని కింది ఉద్యోగులు, ఊరి పెద్దలు వరుసగా నిలబడేవాళ్ళు. ఈ మాట 1886లో అచ్చయిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువుకు కూడా ఎక్కింది. ఉద్యోగులు కానుకలు పుచ్చుకోకూడదని 1773 నాటి చట్టమే చెప్పినా పండ్ల పళ్ళేనికి చూసీచూడనట్టు పోయేవాళ్ళు. జనవరి ఒకటిన ఆఫీసరు టేబుల్ మీద నిమ్మకాయలు పెట్టడం చూసినవాళ్ళు మీలో ఉండే ఉంటారు, అది దాని మునిమనవడేనేమో.

ఇంగ్లండులో కానుక అంతకు ముందునుంచే కిందికి దిగుతోంది. పనివాళ్ళు, అప్రెంటిసు పిల్లలు మట్టి ముంత లాంటి డబ్బా పట్టుకుని పండక్కి తిరిగేవాళ్ళు, పగలగొడితే గానీ డబ్బు రాదు, మన పిల్లల హుండీ లాగే. శామ్యూల్ పీప్స్ 1663 డిసెంబరు డైరీలో చెప్పులవాడి దుకాణంలో కుర్రాళ్ళ డబ్బాలో ఏదో వేశానని రాసుకున్నాడు. ఆ డబ్బా పేరే బాక్సింగ్ డే అయిందని ఎక్కువమంది నమ్మకం. 1871లో అది బ్యాంకు సెలవయింది. రాణికి పైకి పోయిన కానుక, కుర్రాడికి కిందికి వచ్చిన కానుక. సాటివాళ్ళ మధ్య, అదీ ఎక్కడో దూరంగా ఉన్న సాటివాళ్ళ మధ్య, పండగ పూట ఏదో ఒకటి పంపుకోవడం జనం మొత్తానికి అలవాటయింది మాత్రం తపాలా వల్ల.

1840లో ఒక పెన్నీకి దేశంలో ఎక్కడికైనా ఉత్తరం అన్నారు. ఆ ఏర్పాటులో చెయ్యి ఉన్న హెన్రీ కోల్‌కు 1843 డిసెంబరులో తనకొచ్చిన ఉత్తరాలకు బదులు రాయడానికి తీరిక లేకపోయింది. చిత్రకారుడు జాన్ హార్స్లీ చేత ఒక బొమ్మ వేయించి వెయ్యి కాపీలు అచ్చేయించినాడు. మధ్యలో కుటుంబం వైన్ తాగుతుంటుంది, చంటిదానికి కూడా గ్లాసు అందిస్తుంటారు. మద్యం వద్దనేవాళ్ళు గోల పెట్టారు. నాకు నచ్చింది ఇంకోటి: పైన ఎవరికి, కింద ఎవరి నుంచి అని ఖాళీలు వదిలినాడు. చదివింపుల పుస్తకంలో నేను గీసిన నిలువు గడులే. మిగిలిన కార్డులు షిల్లింగుకొకటి అమ్మకానికి పెట్టారు, అంటే తపాలా ఖర్చుకు పన్నెండింతలు. 1870లో కార్డుకు అర పెన్నీ చాలన్నాక పేదవాళ్ళకూ అందింది. 1883 ఆగస్టులో పార్సిల్ తపాలా మొదలైంది. అప్పటి నుంచి డిసెంబరులో పోస్టుమ్యాను నడుము వంగింది.

ఇక్కడి పిల్లలు ఏం కావాలో రాసిన చీటీని పొయ్యిలో వేసేవాళ్ళు, పొగ గొట్టంలోంచి పైకి పోయి క్రిస్మస్ తాతకు చేరుతుందని. కోరికను అగ్నికి ఆహుతిచ్చే పద్ధతి వీళ్ళకూ ఉందని తెలిస్తే మా ఊరి పూజారి సంతోషిస్తాడు.

కావాల్సింది అడిగి ఇవ్వడంలో ఈ చరిత్రలో నాకు బాగా నచ్చింది 1914 నాటి డబ్బా. రాజుగారి కూతురు మేరీకి అప్పుడు పదిహేడేళ్ళు. యుద్ధంలో ఉన్నవాళ్ళందరికీ క్రిస్మస్ కానుక అని చందాలు పోగుచేసింది. మూతమీద ఆమె బొమ్మ ఉన్న ఇత్తడి డబ్బా, లోపల పొగాకు, సిగరెట్లు. అయితే ఆ శరత్కాలంలోనే మన దేశపు సిపాయిలు ఫ్రాన్స్‌లో దిగి ఉన్నారు. సిక్కులు పొగాకు ముట్టరు. వాళ్ళ డబ్బాతో పటిక బెల్లం, మసాలా దినుసుల చిన్న డబ్బా పెట్టారు. నీళ్ళు మోసే భిస్తీలకు కూడా మసాలా డబ్బా, కార్డు. బురద కందకంలో చలికి గడ్డకట్టిన చేతులతో ఎవరో ఒకడు ఆ మూత తీసి వాసన చూసి ఉంటాడు. సామ్రాజ్యం చేసిన పనులకు అది లెక్క కాదు, కానీ ఎవరికేం కావాలని అడగాలని ఆ కమిటీలో ఒకరికి తోచింది కదా.

ఫోన్ మెసేజి శుభాకాంక్షల మొదలు కూడా ఈ దేశంలోనే, మన తెలుగు సాఫ్ట్‌వేరు వాళ్ళు వస్తూ పోతూ ఉండే న్యూబరీలో. 1992 డిసెంబరు 3న నీల్ పాప్‌వర్త్ అనే ఇరవై రెండేళ్ళ ఇంజినీరు కంప్యూటర్ మీద మెర్రీ క్రిస్మస్ అని కొట్టి, విందులో ఉన్న వోడాఫోన్ అధికారి రిచర్డ్ జార్విస్ ఫోన్‌కు పంపినాడు. ప్రపంచంలో మొదటి ఎస్సెమ్మెస్ అదే. జార్విస్ ఫోన్‌కు చదవడమే వచ్చు, తిరిగి పంపే వీలు లేదు. వెండి భరిణె విప్పిన ఆమె పరిస్థితే.

ఇక లెస్టరామె అడిగిన రాయి సంగతి. తమ్ముడికి ఫోన్ చేసినాను. "అన్నా, రాయి అడుగుతాండారా? మనూర్లో రాళ్ళకేం కరువు, లారీ పంపమంటావా?" అన్నాడు. వాడు కొరియరు వాళ్ళను కనుక్కుంటే వాళ్ళు చెప్పిన ధరకు మా జేజి నాటి పెళ్ళి జరిపించొచ్చు. పైగా గుడి దగ్గరి రాయి తీయడం మాటే వద్దన్నాను, శాసనాల చివర పంచమహాపాతకాల మాట ఊరికే చెక్కించలేదు.

దారి అనుకోకుండా దొరికింది. హౌన్స్‌లోలో మా ఇంటికి రెండు మైళ్ళలో పెరట్లో పరిచే బండలు అమ్మే యార్డు ఉంది. కంకర కోసం పోతే మూలన నల్లటి పలకలు పేర్చి ఉన్నాయి. అట్టముక్క మీద కడప అని ఇంగ్లీషులో రాసి ఉంది. వంగి చేత్తో తడిమితే అదే నునుపు, మా ఇంటి అరుగు మీద వేసవి మధ్యాహ్నాలు వీపు ఆనించి పడుకున్న చల్లదనం. ఒక అంచున పొరలు లేచినట్టు సన్నగా చీలి ఉంది, మా మండలంలో కూలీలు ఉలి పెట్టి కొట్టే చోట అట్లాగే చీలుతుంది. ఇది కలమల్లదే అని ప్రమాణం చేయలేను. ఎర్రగుంట్ల చుట్టుపక్కలదే అయితే పక్క పొలం లెక్క. విరిగిన మూల ఒకటి అడిగితే యార్డు అతను డబ్బు తీసుకోలేదు. ఎందుకు అన్నాడు. కానుక అన్నాను. నా మొహం ఒకసారి చూసి ఇంకో ముక్క కూడా ఇచ్చినాడు.

అరచేతి సైజుకు అరగదీసినాను, రెండు సాయంత్రాలు పట్టింది. వెనక పేరు రాద్దామని పెన్ను తీసి, నిబంధన గుర్తొచ్చి పెట్టేసినాను. చదివింపులు రాసిన చేతికి అది చాలా కష్టం. పోస్టాఫీసులో ఆమె లోపల ఏముంది అని అడిగింది. రాయి అన్నాను. విలువ? ఏమీ లేదన్నాను. త్రాసు మీద పెట్టి స్టిక్కరు అంటించింది.

ఇరవై మూడున లెస్టరామె ఫోటో పెట్టింది, నల్లటి పలక మీద పొగలు కక్కే టీ కప్పు. పంపింది ఎవరో చెప్పండి చూద్దాం అని రాసింది. పద్నాలుగు మందిలో కలమల్లవాణ్ణి నేనొక్కణ్ణే. అయినా పన్నెండు మంది, పాపం, తెలియనట్టు తలా ఒక పేరు చెప్పారు.