ఇరుకు దారిలో మాట

పాపఘ్ని నది గండి యొద్ద కొండల నడుమ ఇరుకుదారిని దాటి వేంపల్లె వైపునకు పాఱును. ఎగువ నెంత వాన కురిసినను, ఆ ఇరుకు తనకు పట్టినంత నీటినే ఒకమారు విడుచును. దూరమునకు మాటను మోయు తీగెలకును ఇట్టి గండ్లు కలవు. వాటిని దాటుటకు మానవుడు పన్నిన ఉపాయముల చరిత్రను ముచ్చటింతము.

తొలినాటి టెలిఫోనులో ఇరువురు మాటలాడునంతసేపు ఒక దారి వారి సొత్తై యుండెడిది. వారు మౌనము వహించినను అది అన్యులకు దక్కదు. ఎన్ని దారులున్నచో ఎన్ని పిలుపులు వెనుదిరుగునో గణించు సూత్రమును డెన్మార్కు దేశీయుడు ఎర్లాంగు 1917లో ప్రకటించెను. 1974లో అమెరికాలో డానీ కోహెన్ మున్నగువారు మాటను చిన్న చిన్న ప్యాకెట్లుగా విడదీసి, ఆర్పానెట్టు అను కంప్యూటర్ల జాలముపై పంపి సంభాషణ జరిపించిరి. మాటయు, లెక్కల పట్టికయు ఒకే దారిన నడువ వీలయ్యెను. పొదుపు కలిగెను, తొక్కిసలాటయు కలిగెను.

పట్టిక ఓర్చుకొనును, మాట ఓర్వదు. నోటినుండి చెవికి 150 మిల్లీసెకనుల లోపల చేరిన సంభాషణ సుఖముగా సాగునని అంతర్జాతీయ టెలికమ్యూనికేషను సంఘము సూచించినది. సెకనుకు 64 వేల బిట్లు మోయు తీగెపై 1,500 బైట్ల పట్టిక ప్యాకెట్టు ఒక్కటి వెడలుటకే 187 మిల్లీసెకనులు పట్టును. దాని వెనుక చిక్కిన మాట గతి చెప్పనేల?

2005లో కేంద్రప్రభుత్వము ఆమోదించిన రాష్ట్రవ్యాప్త జాల పథకము రాజధానిని జిల్లాలతోను, జిల్లాలను మండల స్థాయి కేంద్రములతోను కలుపదలచి, ఒక్కొక్క లంకెకు కనీసము సెకనుకు 20 లక్షల బిట్ల వెడల్పు నిర్ణయించెను. వేంపల్లె వంటి మండల కేంద్రమునకు ఇది పెద్ద దారియే. అయినను సాధారణ టెలిఫోను నాణ్యముగల సంభాషణ యొక్కటి, ప్యాకెట్ల శీర్షికలతో కలిసి, సెకనుకు 80 వేల బిట్లు కోరును. అట్టివి 25 చేరినచో దారి నిండును. కరవు నివేదిక నిమిషము ఆలసించినను చెడదు. కరవును గూర్చి కలెక్టరుతో చెప్పు మాట నడుమ తెగినచో అర్థమే మాఱిపోవచ్చును.

ఇచ్చట చెఱువు తూము కడ నీరుగంటి చేయు పనియే శరణ్యము. జాలద్వారమున నియతవేగముతో బిళ్లలు పడు పాత్ర యొకటి కలదనుకొందము. బిళ్ల దొరకిన ప్యాకెట్టు సాగును. దొరకనిది పారవేయబడక నిలుచును. ఆ వేగమును దారి వెడల్పుకంటె కొంచెము తక్కువగా నుంచుటలోనే కిటుకు కలదు. అట్లు చేయనిచో వరుస అవతలివారి యంత్రములో ఏర్పడును; అందు మాటను గుర్తించు ఏర్పాటు లేకపోవచ్చును. మన గుమ్మముననే ఏర్పడినచో, 1999లో ఇంటర్నెట్టు ప్రమాణకర్తలు సూచించిన 46వ సంఖ్య గుర్తు దాల్చిన మాటను ముందుగా పంపవచ్చును. ఇరుకు తీగెలపై పెద్ద ప్యాకెట్లను ముక్కలు చేయుదురు. మాటకును హద్దు కావలెను. దారిలో మూడవవంతుకు మించనీయకుండుట ఇంజనీర్ల వాడుక.

ఈ ఏర్పాటు దారిని వెడల్పు చేయదు. నాటి టెలిఫోను చోటు దొరకనివానిని వెనుకకు పంపెడిది. నేటి జాలము అందఱిని రానిచ్చి, ఎవరు నిలువవలెనో నిర్ణయించు భారమును మనపై నుంచినది. ప్రసారవృత్తిలోనున్న మేము మాట వైపే మొగ్గుదుము. కాని పట్టికలోని రైతు పేరును నాటి సాయంకాలమునకైనను చేరవలెను గదా!