గంజాయి టెస్ట్ చరిత్ర: కిట్ చెప్పేదేంటి, చెప్పనిదేంటి?

మన కురవి నుంచి మానుకోట పోయే రోడ్డు మీద ఇద్దరు దోస్తులను పోలీసులు ఆపారనుకుందాం. ఒకడికి మందు తాగాడేమోనని బ్రీత్ అనలైజర్ పెట్టారు. ఇంకొకడికి గంజాయి అనుమానంతో యూరిన్ కిట్ ఇచ్చారు. రెండూ ఒకే రకం టెస్టులు అనుకుంటాం కదా? కానే కాదు. అదెలాగో తెలియాలంటే కొంచెం చరిత్రలోకి వెళ్దాం.

1893లో బ్రిటిష్ వాళ్లు మన దేశంలో గంజాయి మీద ఒక కమిషన్ వేశారు. వెయ్యి మందికి పైగా సాక్షులను విచారించారు. కానీ ఒక మనిషి గంజాయి తాగాడా లేదా అని తేల్చే టెస్ట్ అప్పటికి లేదు. కళ్లు చూడాలి, మాట వినాలి, అంతే.

1930ల చివర్లో డ్యుకెనోవా అనే ఫ్రెంచ్ ఫార్మసిస్ట్ ఒక రంగు టెస్ట్ కనిపెట్టాడు. గంజాయి అయితే ఊదా రంగు వస్తుంది. కానీ అది సరుకును పడుతుంది, తాగిన మనిషిని కాదు. నల్లమందులోని మార్ఫిన్ 1800ల మొదట్లోనే దొరికింది. గంజాయిలో అసలు మత్తు పదార్థం టీహెచ్‌సీ మాత్రం 1964 దాకా విడిగా దొరకలేదు. ఎందుకంటే అది నూనెలాంటిది. ఇజ్రాయెల్‌లో మెషూలం, గావోని అనే ఇద్దరు దాన్ని విడదీసి, నిర్మాణం తేల్చారు.

అసలు కథ ఇక్కడే ఉంది. టీహెచ్‌సీ నూనెలాంటిది కాబట్టి ఒంట్లో కొవ్వులో దాక్కుంటుంది. లివర్ దాన్ని వేరే పదార్థంగా మారుస్తుంది, అది మెల్లమెల్లగా మూత్రంలో బయటికొస్తుంది. కిట్ వెతికేది దాన్నే. దానికి మత్తు ఉండదు! ఒక్కసారి తాగితే మూడు నాలుగు రోజులు, రోజూ తాగేవాళ్లకు నెల దాకా కూడా కనపడొచ్చు.

1981లో అమెరికా యుద్ధనౌక నిమిట్జ్ మీద విమానం కూలి 14 మంది చనిపోయారు. చనిపోయిన నావికుల్లో కొందరి ఒంట్లో గంజాయి ఆనవాళ్లు దొరికాయి. దాంతో అక్కడి సైన్యంలో యూరిన్ టెస్టులు జోరందుకున్నాయి. కానీ 1984కల్లా, ల్యాబుల్లో శాంపిళ్లను సరిగ్గా చూసుకోలేదని, వేల మంది సైనికుల ఫలితాలను నమ్మలేమని బయటపడింది. ఒక్క తప్పు రిపోర్టుతో ఒక ఉద్యోగం పోతుంది, ఆలోచించండి.

తర్వాత రూల్స్ వచ్చాయి. మొదట స్క్రీనింగ్, పాజిటివ్ వస్తే ల్యాబ్‌లో జీసీ-ఎంఎస్ మెషీన్‌తో ఇంకోసారి ఖాయం చేయాలి. 1988లో అమెరికా స్క్రీనింగ్ గీతను మిల్లీలీటరుకు 100 నానోగ్రాములు అంది, 1994లో 50కి దించింది. అంటే నిన్న నెగెటివ్ అయినవాడు రేపు పాజిటివ్. ఆ గీత గీసింది మనుషులే!

ఇంకో మాట. ఈ కిట్ కోవిడ్ కిట్‌కి ఉల్టా. రెండు గీతలు వస్తే నెగెటివ్, కంట్రోల్ గీత ఒక్కటే వస్తే పాజిటివ్. కొన్ని మందుల వల్ల కూడా తప్పు పాజిటివ్ రావచ్చు.

ఇప్పుడు మన దోస్తుల దగ్గరికొద్దాం. మందుకు చట్టంలో లెక్క ఉంది: 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటొద్దు. డ్రగ్స్‌కు అలాంటి అంకె లేదు. బండిని అదుపు చేయలేనంత మత్తులో ఉన్నాడా అన్నదే ప్రశ్న. దానికి యూరిన్ కిట్ దగ్గర జవాబు లేదు. గంజాయి ఒంట్లోకి పోయిందని చెబుతుంది. ఎప్పుడు, ఎంత, ఇప్పుడు మత్తులో ఉన్నాడా అన్నది చెప్పదు.

అట్లని తాగితే ఏం కాదని కాదు తమ్ముళ్లూ. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం ప్రకారం గంజాయి తాగడం కూడా నేరమే, ఆరు నెలల దాకా జైలు పడొచ్చు. కానీ అలవాటుపడ్డవాళ్లు తమంతట తామే ట్రీట్‌మెంట్‌కు పోతే, అదే చట్టంలోని 64ఏ సెక్షన్ కింద కేసు నుంచి రక్షణ దొరికే దారి ఉంది. ఇంట్లో ఎవరైనా ఉంటే భయపడి దాచకండి, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. ఇక కిట్ పాజిటివ్ అన్నారని ఎవరి మీదా ముద్ర వేయకండి. ల్యాబ్ రిపోర్టు వచ్చిందా అని ముందు అడగండి.