మూడు మీటల ముచ్చట

కంప్యూటర్ మొరాయిస్తే వేళ్లు వాటంతటవే వెతుక్కునే మీటలు మూడు: కంట్రోల్, ఆల్ట్, డిలీట్.

ఫ్లోరిడాలోని బోకా రాటన్‌లో ఐబీఎం ఇంజనీర్లు తమ తొలి పీసీ తయారుచేస్తున్న రోజులవి. యంత్రం మాటిమాటికీ బిగుసుకుపోయేది. ఆపి మళ్లీ వేస్తే మెమరీ పరీక్ష మొదటికొచ్చేది. ఆ పరీక్ష లేకుండానే యంత్రాన్ని మళ్లీ మొదలుపెట్టేందుకు వారిలో ఒకడైన డేవిడ్ బ్రాడ్లీ ఈ మూడు మీటల అడ్డదారి కనిపెట్టాడు. మొదట డిలీట్ చోట ఎస్కేప్ ఉండేది. ఎడమచెయ్యి పొరపాటున తగిలిందా, చేసిన పనంతా గంగపాలే! అందుకే రెండు చేతులూ పెడితేగాని అందని డిలీట్‌కు మార్చారు. ఇంజనీర్ల సొంత వాడకానికి పెట్టుకున్న ఈ చిట్కా 1981లో పీసీతోపాటే బజారుకెక్కింది.

1993లో విండోస్ ఎన్‌టీ దీన్ని లాగిన్‌కు కాపలా పెట్టింది. ఈ మీటల కబురు నేరుగా ఆపరేటింగ్ సిస్టమ్‌కే చేరుతుంది కనుక దొంగ లాగిన్ తెరల ఆటలు సాగవు.

2001లో పీసీ ఇరవయ్యేళ్ల వేడుకలో, బిల్ గేట్స్ ఎదుటే, కనిపెట్టింది తానైనా దానికి పేరు తెచ్చింది బిల్లేనని బ్రాడ్లీ చమత్కరించాడు. సభంతా గొల్లుమంది.