పాత మిద్దె, రంగూన్ టేకు, కొత్త గ్రానైటు

పాత మిద్దె ఇల్లు బాగుచేయించే వాళ్ళందరిదీ ఒకటే వరస. నేలంతా గ్రానైటు పరిచేస్తారు, పైన దూలాలకి మాత్రం పాలిష్ పెట్టి కనబడేట్టు ఉంచుతారు. మా తాతగారి ఇల్లు కూడా ఇప్పుడు ఆ వరసలోనే ఉంది. దూలాలు ఉంచడం నాకూ ఇష్టమే. కానీ మేడ మీది నేలే కింది గదికి కప్పు అన్న సంగతి ఎవరికీ పట్టినట్టు లేదు.

ఆ కప్పుని మద్రాసు టెర్రస్ అంటారు. గోడ నుంచి గోడకి దూలాలు, వాటి మీద దగ్గర దగ్గరగా పట్టెలు. పట్టెల మీద పల్చటి చిన్న ఇటుకలు నిలబెట్టి, ఐమూలగా సున్నంతో పేరుస్తారు. ఆపైన ఇటుక ముక్కలూ సున్నమూ కలిపి పోసి, బెల్లం, కరక్కాయ నానేసిన నీళ్ళు చల్లుతూ చెక్కలతో రోజుల తరబడి కొట్టేవాళ్ళు. సిమెంటూ లేదు, ఇనప చువ్వలూ లేవు. మోసేదంతా కర్రే.

చాలా ఇళ్ళలో ఆ కర్ర రంగూన్ టేకు. దిగువ బర్మా 1852 యుద్ధంతో ఇంగ్లీషువాళ్ళ చేతిలో పడింది. 1863లో బొంబాయి బర్మా ట్రేడింగ్ కార్పొరేషన్ పుట్టింది. ఈ కంపెనీ ఎక్కువ దుంగలు కొట్టి తక్కువ లెక్క చూపిస్తోందని 1885లో థీబా రాజు ప్రభుత్వం భారీ జరిమానా వేసింది. ఇంగ్లీషువాళ్ళకి కావలసిన సాకు దొరికింది. నవంబరులో యుద్ధం, రెండు వారాల్లో మాండలే పతనం, రాజుగారు రత్నగిరికి! అన్నట్టు, అటునుంచి టేకు వస్తుంటే ఇటు మన కోస్తా రేవుల నుంచి జనం కూలికి రంగూన్ వెళ్ళేవాళ్ళు. కోరంగి రేవు పేరుతో అక్కడ తెలుగువాళ్ళని కోరంగీలనే పిలిచారు.

ఇక లెక్కకొద్దాం. పదడుగులకి పదడుగుల గది. 20 మిల్లీమీటర్ల గ్రానైటు దాదాపు 500 కిలోలు. దాని కింద రెండంగుళాల సిమెంటు ఇంకో టన్ను. పాత గచ్చు తీయకుండా దానిమీదే పరిస్తే దూలాల నెత్తిన టన్నున్నర కొత్త బరువు. ఆఫీసులో సర్వరు మీద లోడు పెంచేముందు పదిసార్లు చూసుకుంటాం, ఇక్కడ అడిగేవాడు లేడు.

పైగా దూలానికి ప్రమాదం మనం పాలిష్ పెట్టే నడుము దగ్గర కాదు, గోడలోకి దూరిన చివర దగ్గర. చెమ్మ పట్టేదీ, చెదలు చేరేదీ అక్కడే. సున్నం చెమ్మని పీల్చుకున్నా మళ్ళీ వదిలేస్తుంది. సిమెంటు అంత తేలిగ్గా వదలదు.

అందుకే ఇంట్లో నేను చెప్పింది ఇది: మేడ మీద గచ్చు చిట్లిన చోట సున్నంతోనే అతుకు వేయిద్దాం. బండలు మార్చాలన్న సరదా ఉంటే కింది నేలకి తాండూరు రాయి వేసుకోండి, అది భూమి మోస్తుంది. ముందు మేస్త్రీతో ఒక్కో దూలం చివరా సుత్తితో తట్టించి చూద్దాం. బోలుగా మోగితే ఆ మేరకి కోసి కొత్త టేకు ముక్క అతికించొచ్చు. గ్రానైటు బేరం ఆ తర్వాత.