ఒక టికెట్ తారీఖ్



మొన్న మా చిన్నోడు విశాఖ మ్యాచ్ టికెట్ కోసం ఫోను పట్టుకుని గంటన్నర కూర్చున్నాడు. నీ ముందు ఇన్ని వేల మంది వున్నారు, ఇంతెజార్ చెయ్యి అని తెర మీద ఒక నంబరు. అది తగ్గుతుంది, ఆగుతుంది, మళ్ళీ తగ్గుతుంది. చివరికి టికెట్లు ఖతమ్ అని వచ్చింది. వాడి గుస్సా చూసి మా బేగం నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఉర్దూలో తారీఖ్ అంటే తేదీ. చరిత్రనీ తారీఖ్ అనే అంటాం. నా జిందగీలో ఈ రెండు మానేలూ ఒకటైన రోజు 2002 నవంబరు 24, ఆదివారం. ఆ రోజు బెజవాడలో వన్డే మ్యాచ్ జరిగింది.

ఇప్పటి పిల్లలకి చెబితే నమ్మరు. బందరు రోడ్డు మీద, లబ్బీపేట దగ్గరున్న ఇందిరాగాంధీ స్టేడియంలో ఇండియా, వెస్టిండీస్ ఆడాయి. నామ్ కే వాస్తే మ్యాచ్ కూడా కాదది. ఏడు వన్డేల సిరీస్‌లో జంషెడ్‌పూర్, నాగపూర్ వాళ్ళు గెలిచారు. రాజ్‌కోట్, అహ్మదాబాద్ మనం గెలిచాం. వడోదర వాళ్ళది, జోధ్‌పూర్ మనది. మూడుకి మూడు. ఫైసలా మా బెజవాడలో!

టికెట్లు అమ్మిన రోజుకి ఈ లెక్క ఇంకా తేలలేదు. అయినా జనం ఆగుతారా? గుడివాడ, ఉయ్యూరు, తెనాలి, బందరు నుంచి దిగిపోయారు. ఒక బ్యాంకు బ్రాంచీలో అమ్ముతారని ఖబర్ వచ్చింది. ఏ బ్యాంకో ఇప్పుడు అనవసరం. అప్పుడు నాకు 19 ఏళ్ళు. రంజాన్ నెల, రెండో అష్రా నడుస్తోంది. మా అబ్బా తారాపేటలో దర్జీ. దర్జీ ఇంట్లో పుట్టినవాళ్ళకి చెప్పక్కర్లేదు, రంజాన్‌లో ఆ దుకాణం ఒక పూట మూశారంటే ఎంత నుక్సానో. ఈద్ బట్టల గుడ్డలు గోడకి ఆనించి నడుం ఎత్తు పేర్చి వున్నాయి. అమ్మీ గొణుగుతూనే వుంది. అబ్బా ఆ రోజు మిషను మీద కవరు కప్పేసి, సహెరీ చేసి, ఫజర్ చదివి, నన్ను సైకిల్ వెనక కూర్చోబెట్టుకుని బయల్దేరాడు.

మేం వెళ్ళేసరికే ఖతార్ సందు మలుపు తిరిగిపోయింది. మనుషుల మధ్యలో ఇటుకలు, చెప్పులు, నీళ్ళ సీసాలు. అవి కూడా మనుషులే. రాత్రి వచ్చి చోటు పట్టుకుని టీ తాగడానికి వెళ్ళినవాళ్ళన్నమాట. ఇటుకని దాటి ముందుకి వెళ్తే తన్నులు తప్పవు. మా ముందు ఉయ్యూరు వైపు రైతు ఒకాయన. ఎండ ఎక్కాక అబ్బా మొహం చూసి, "సాయిబు గారూ, ఒక్క పొద్దులో వున్నారు గదా, పోయి ఆ అరుగు మీద కూర్చోండి. మీ చోటు నేను చూస్తా" అన్నాడు. అబ్బా మెడలో రుమాలు తీసి ఆయన చేతికిచ్చాడు. జొహర్ నమాజుకి ఇద్దరం వెళ్ళి వచ్చేదాకా ఆ రుమాలే మా బదులు నిలబడింది.

అలాంటివాళ్ళే అందరూ వుండరు గదా. మా వెనకాల కుర్రాడొకడు, "మీ అజరుద్దీన్ లేడుగా, ఇంకెందుకొచ్చారు?" అన్నాడు. అప్పటికి అజర్ మీద బోర్డు పాబందీ పెట్టి రెండేళ్ళు కావస్తోంది. 1984 చివర్లో ఈడెన్ గార్డెన్స్‌లో ఆడటం మొదలుపెట్టి, వరసగా మూడు టెస్టుల్లో మూడు సెంచరీలు కొట్టినవాడు. అబ్బా దుకాణంలో కాబా తస్వీర్ కింద అజర్ ఫోటో వుండేది. పాబందీ పడ్డాక కూడా తియ్యలేదు. ఆ కుర్రాడి వైపు తిరిగి అబ్బా, "మొన్న జులైలో లార్డ్స్‌లో గెలిపించాడే కైఫ్, అతను మా కైఫా, మీ కైఫా?" అని అడిగాడు. కుర్రాడు నవ్వేశాడు. సాయంత్రం దాకా దోస్తీ అయిపోయింది వాళ్ళిద్దరికీ.

లార్డ్స్ మాట వచ్చింది కాబట్టి అబ్బా తన పసందైన కిస్సా ఎత్తుకున్నాడు. 1983 ప్రపంచకప్ ఫైనల్ కూడా రంజాన్‌లోనే పడింది, జూన్ 25న. ఇక్కడ సాయంకాలం మొదలై అర్ధరాత్రి దాకా సాగింది. ఇఫ్తార్ చేసి, తరావీహ్ చదివి వచ్చి, చెవికి ట్రాన్సిస్టర్ ఆనించుకుని మహల్లా అంతా అరుగుల మీదే కూర్చుందట. మనవి 183, వాళ్ళవి 140. బాకస్ క్యాచ్ కిర్మానీ పట్టినప్పుడు మస్జిద్ మౌజన్ సాబ్ కూడా లేచి నిలబడ్డాడని అబ్బా చెప్పేవాడు. ఆ రాత్రి ఎవరూ పడుకోలేదు, అలాగే సహెరీ చేసేశారు.

అసలు కిస్సా మ్యాచ్‌ది కాదు, టికెట్లది. అప్పుడు మన బోర్డు సదర్ ఎన్.కె.పి. సాల్వే. మన టీము ఫైనల్‌కి చేరిందని మరో రెండు టికెట్లు కావాలని లార్డ్స్ వాళ్ళని అడిగితే లేవన్నారట. ఆయనకి అది బేఇజ్జతీ అనిపించింది. అప్పటిదాకా మూడు ప్రపంచకప్పులూ ఇంగ్లండ్‌లోనే జరిగాయి, 1975, 1979, 1983. ఇది అక్కణ్ణుంచి ఎందుకు కదలకూడదని సాల్వే పట్టుబట్టాడు. పాకిస్తాన్ బోర్డు సదర్ నూర్ ఖాన్ చెయ్యి కలిపాడు. 1987లో కప్పు ఇండియా, పాకిస్తాన్‌లకి వచ్చింది. హైదరాబాద్ లాల్ బహదూర్ స్టేడియంలో కూడా న్యూజీలాండ్, జింబాబ్వే మ్యాచ్ జరిగింది. డబ్బు, రాజకీయం, ఇంకా చాలా కారణాలు వుండొచ్చు, కాదనను. కాని కోపం మొదలైంది మాత్రం టికెట్ల దగ్గరే.

బొంబాయిదీ ఇదే తరహా. బ్రబోర్న్ స్టేడియం క్రికెట్ క్లబ్ వాళ్ళది. టెస్టు మ్యాచ్ వస్తే బొంబాయి క్రికెట్ సంఘానికి ఎన్ని సీట్లివ్వాలని ఎప్పుడూ ఝగడాయే. 1970ల మొదట్లో సంఘం సదర్ వాంఖడే ఇంకొన్ని సీట్లడిగితే క్లబ్ ఒప్పుకోలేదు. వాంఖడే రాజకీయ నాయకుడు, అలిగి ఇంటికి పోయే రకం కాదు. కిలోమీటరు దూరం కూడా లేనిచోట కొత్త స్టేడియమే కట్టించేశాడు. 1975 జనవరిలో అందులో మొదటి టెస్టు. సీట్లు ఇవ్వనందుకు పుట్టిన స్టేడియం అది.

నేనీ రెండు కిస్సాలూ చదివినప్పుడల్లా ఒకటే అనుకుంటాను. పెద్దోడికి టికెట్ దొరక్కపోతే ప్రపంచకప్ కదులుతుంది, స్టేడియం లేస్తుంది. మనలాంటోడికి దొరక్కపోతే? 1969 డిసెంబరు 16న కలకత్తా ఈడెన్ గార్డెన్స్ బయట, ఇండియా, ఆస్ట్రేలియా టెస్టు టికెట్ల లైనులో తొక్కిసలాట జరిగి ఆరుగురు చనిపోయారు. అంతకు మూడేళ్ళ ముందు అక్కడే వెస్టిండీస్ టెస్టుకి వున్న చోటు కన్నా ఎక్కువ టికెట్లు అమ్మారు. 1967 జనవరి 1న జనం మైదానంలోకి పొర్లారు. లాఠీలు, మంటలు, ఆట బంద్. ఈ దేశంలో ఏ సంఘమైనా సరే, ముందు పాసులు పోతాయి, తర్వాత సభ్యులు, తర్వాత స్పాన్సర్లు, తర్వాత ఫోన్ చేయగల పెద్దమనుషులు. కిటికీ దగ్గరికి వచ్చేవి ఆ వడపోతలో మిగిలిన టికెట్లు. లైనులో నిలబడ్డవాడికి ఎన్ని మిగిలాయో ఎవరూ చెప్పరు. అది చెబితే సగం మంది పొద్దున్నే ఇళ్ళకి పోతారు, తోపులాట కూడా వుండదు. చెప్పకపోవడమే జుల్మ్ అని నా రాయ్.

మా ఖతార్ సంగతికి వస్తాను. మధ్యాహ్నం భోజనాలకని కిటికీ మూశారు. మళ్ళీ తెరిచారు. మనిషికి ఒకటే టికెట్ అన్నారు. అసర్ వేళకి ఉయ్యూరు రైతు టికెట్ తీసుకుని బయటపడ్డాడు. తర్వాత అబ్బా. ఆయన చేతిలోకి టికెట్ వచ్చింది, నేను చెయ్యి లోపల పెట్టబోతే చెక్క రెక్క దబ్బున పడింది. అయిపోయాయి! వెనక వున్న కుర్రాడు కిటికీని పిడికిలితో బాదాడు. లాభం లేదు. రోడ్డుకి అవతల పాన్ డబ్బా దగ్గర అదే రంగు టికెట్లు మూడింతల రేటుకి అమ్ముతున్నారు. అబ్బా అటు చూసి, జేబు తడుముకుని, సైకిల్ తాళం తీశాడు. దారిలో ఏమీ మాట్లాడకుండా టికెట్ నా చొక్కా జేబులో పెట్టాడు.

మ్యాచ్ గురించి రాయడానికి పెద్దగా లేదు. ఆ సిరీస్‌లో ముందు మూడు ఊళ్ళలో సీసాలు విసిరారని మా గేటు దగ్గర నీళ్ళ సీసాలన్నీ లాగేసుకున్నారు. అందరూ తిట్టుకున్నారు, రోజాలో వున్న నాకేం ఫికర్! మార్లన్ శామ్యూల్స్ 75 బంతుల్లో సెంచరీ దాటించి 108తో నాటౌట్‌గా మిగిలాడు. వాళ్ళు 315. మనం 180. సిరీస్ పోయింది.

బెజవాడలో మగవాళ్ళ అంతర్జాతీయ మ్యాచ్ అదే మొదటిది, అదే ఆఖరిది. 2005 ఏప్రిల్‌లో విశాఖ కొత్త స్టేడియంలో పాకిస్తాన్ మీద ధోనీ 148 కొట్టాక మా డెల్టా జనం షౌఖ్ అంతా రత్నాచల్ ఎక్కేసింది. మంగళగిరి దగ్గర నవులూరులో స్టేడియం కట్టడం మొదలై ఏళ్ళు గడిచాయి. సి.కె.నాయుడు పూర్వీకులది మా బందరే అని మామూ ఛాతీ విరుచుకుంటాడు గానీ, బందరు నుంచి మ్యాచ్ చూడాలంటే రాత్రంతా ప్రయాణమే.

ఒక్కసారి మాత్రం తోపులాట లేకుండా చూశాను. 2016 నవంబరులో మూలపాడులో ఇండియా, వెస్టిండీస్ ఆడవాళ్ళ వన్డేలు. మొదటిది 10వ తారీఖున. నోట్లు రద్దయ్యాక బ్యాంకులు తెరిచింది కూడా ఆ రోజే. బెజవాడలో ఖతార్లన్నీ బ్యాంకుల ముందున్నాయి, మన పైసల కోసమే మనం. మిథాలీ రాజ్ టీము మూడుకి మూడు గెలిచింది. మా ఆపా 2002లో నేనూ వస్తానని ఏడిస్తే, ఆడపిల్లకి ఆ లైనులో ఏం పనని కసిరాం. ఆమెని మూలపాడు తీసుకెళ్ళాను. ఓవరు ఓవరుకీ చప్పట్లు కొట్టింది.

2022 సెప్టెంబరు 22న సికింద్రాబాద్ జింఖానా మైదాన్ దగ్గర టికెట్ల తొక్కిసలాట టీవీలో చూశాను. హైదరాబాద్‌లో మూడేళ్ళకి దగ్గరగా మ్యాచ్ లేక జనం ఆకలి మీదున్నారు. లాఠీలు, స్పృహ తప్పిన ఆడవాళ్ళు. అప్పుడు అక్కడి సంఘం సదర్ అజరుద్దీనే. అబ్బా వుంటే ఏమనేవాడో. ఆ మరుసటి ఏడు పాకిస్తాన్, న్యూజీలాండ్ సన్నాహక మ్యాచ్‌కి మా తోడల్లుడు ఎలాగో టికెట్లు సంపాదించాడు. గణేశ్ నిమజ్జనం, మీలాద్ ఒకే రోజు పడి పోలీసులకి బందోబస్తు కుదరక, మ్యాచ్ ప్రేక్షకులు లేకుండానే నడిపారు. పైసలు వాపస్ వచ్చాయి. అతను ఇప్పటికీ ఆ ఖాళీ కుర్చీల వీడియో చూస్తుంటాడు.

మా చిన్నోడు ఫోను పక్కన పడేసి అడిగాడు, "అబ్బూ, దాదా ఎప్పుడైనా స్టేడియంలో చూశారా?"

లేదు. 2009లో ఇంతెఖాల్ అయ్యేదాకా చూడలేదు. ఆ ఆదివారం ఆయన దుకాణంలో ఈద్ పైజామాలు కుడుతూ రేడియో విన్నాడు. సాయంత్రం సైకిలేసుకుని స్టేడియం గేటు దగ్గరికి వచ్చాడు, కాగితంలో ఖజూర్ చుట్టి తెచ్చాడు. బందరు రోడ్డు ఫుట్‌పాత్ మీద ఇద్దరం రోజా విప్పాం. నా మొహం వేలాడుతోంది. ఖజూర్ గింజ చేతిలో ఉమ్మి అబ్బా అడిగాడు, "గడ్డి టీవీలో కంటే పచ్చగా వుందా, బేటా?"

"ఓడిపోయాం గదా అబ్బా" అన్నాను నేను.