ఒమాహాలో 59

2005, నడివేసవి, శుక్రవారం. నెబ్రాస్కా రాష్ట్రం, ఒమాహా. ఛాంపియన్స్ రన్ గోల్ఫ్ కోర్సులో ఆఖరి గ్రీన్ పక్కన నిలబడ్డాం. ఎండకి చొక్కా వీపుకి అతుక్కుపోతోంది. జనం వెనక మునివేళ్ల మీద లేచి చూసే అవస్థ ఇక్కడ లేదు. ఇది నేషన్‌వైడ్ టూర్, పీజీఏ టూర్ కింద రెండో అంచె. ఆటగాళ్లలో కొందరు ఈ ఊళ్లోనే ఎవరింట్లోనో అతిథులుగా ఉంటారు. తాడు పక్కనే నిలబడితే క్లబ్బు గాలిని కోసే చప్పుడు వినిపిస్తుంది.

అదిగో, నవ్వుతూ వస్తున్న ఆ భారీ మనిషి జేసన్ గోర్. వయసు 31.

జూన్‌లో ఇతన్ని దేశమంతా టీవీలో చూసింది. పైన్‌హర్స్ట్‌లో యూఎస్ ఓపెన్. అప్పటికి ప్రపంచంలో 818వ ర్యాంకు. అక్కడికి వెళ్తుంటే దారిలో ఎవరో కారు పగలగొట్టి సామాను ఎత్తుకెళ్లారు. అయినా ఆదివారం రెటీఫ్ గూసెన్‌తో ఆఖరి జోడీలో దిగాడు. ఆ రోజు అతని స్కోరు 84. అంతటి దెబ్బ తిన్నాక మనిషి క్లబ్బు పట్టుకోవడమే గొప్పనిపిస్తుంది నాకు. గోర్ ఈ టూర్‌కి తిరిగొచ్చి వరసగా రెండు టోర్నీలు గెలిచాడు.

ఇప్పుడిక్కడ పార్ 71. ఈ బంతి పడితే దానికి పన్నెండు తక్కువ, అంటే 59. గుసగుసలు ఆగిపోయాయి. పీజీఏ టూర్ చరిత్ర మొత్తంలో ఇప్పటిదాకా 59 కొట్టింది ముగ్గురు. ఈ చిన్న టూర్‌లో ఇద్దరే, నోటా బిగే, డగ్ డనకీ, ఇద్దరూ 1998లోనే.

బంతి హోల్‌లో పడింది. చప్పట్లు. క్యాడీతో కౌగిలింత.

ఆదివారం రోజర్ టాంబెలినీతో స్కోరు సమమై ప్లేఆఫ్ జరుగుతుంది, గోరే గెలుస్తాడు. ఒకే సీజన్‌లో మూడు విజయాలు సాధిస్తే సీజన్ ముగిసేదాకా ఆగక్కర్లేదు, నేరుగా పీజీఏ టూర్‌కి వెళ్లిపోవచ్చు. 1997లో క్రిస్ స్మిత్ మొదటిసారి ఎక్కిన మెట్టు అది. సెప్టెంబరులో గోర్ అక్కడా ఒక టోర్నీ గెలుస్తాడు. దాని పేరు 84 లంబర్ క్లాసిక్. పైన్‌హర్స్ట్‌లో అతన్ని కుంగదీసిన అంకే ట్రోఫీ మీద!

1996లో ఒమాహా క్లాసిక్‌గా పుట్టి, తర్వాత కేబుల్ కంపెనీ పేరుతో కాక్స్ క్లాసిక్ అయిన ఈ పోటీ 2013తో ఆగిపోతుంది. 2017లో ఈ ఊరికి మళ్లీ టోర్నీ వస్తుంది కానీ వేరే పేరుతో, వేరే కోర్సులో. పెద్ద టూర్‌కి దారి తెరిచిన చోటు అంత తేలిగ్గా చెదిరిపోవడం నాకు ఇప్పటికీ బాధే.

అదంతా తర్వాతి మాట. మనమింకా శుక్రవారంలోనే ఉన్నాం. గోర్ కుర్చీలో కూర్చుని, కార్డు మీద పద్దెనిమిది అంకెలూ ఒక్కొక్కటే వేలితో సరిచూసుకుంటున్నాడు. సంతకం పెడితేనే అది 59. పెన్ను అందుకున్నాడు.